పలకని కే

కంభం రోడ్డులో పలకల కార్ఖానా వెనక రేకుల షెడ్డు.
రాత్రి ఏడున్నర.
పదకొండు మందితో మొదలైన బడి, ఇప్పుడు నలుగురు,
వాళ్ళలో రోజూ వచ్చేది సైదమ్మ ఒక్కతే.
ఇరవై మూడేళ్ళుగా మార్కాపురం రాయిని
పొరలు పొరలుగా చీల్చి పలకలు చేసింది.
ఒక పలకని ఒళ్ళో పెట్టుకున్నది మాత్రం
మొన్న ఆషాఢంలోనే.

బోర్డు మీద రాశాను: కే, ఎన్, ఐ, ఎఫ్, ఈ.
"క్నైఫ్" అంది, వక్క కొరికినట్టు.
కే పలకదమ్మా. నైఫ్. కత్తి.
"పలకదా? దానికేం రోగం?
పలకలు చేసే ఊళ్ళో పలకని అక్షరం ఏందబ్బా!"
ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను,
డిగ్రీ చదివినవాడి నవ్వు.

కే, ఎన్, డబుల్ ఈ. నీ. మోకాలు.
"నీ అంటే మోకాలా? మరి నా అంటే?"
కే, ఎన్, ఓ, టీ. నాట్. ముడి.
కే, ఎన్, ఓ, సీ, కే. నాక్. తలుపు తట్టడం.
ముందున్న కే నోరు మెదపదు, చివరి కే పలుకుతుంది.
"ఇద్దరు కూలికొస్తే
ఒకడు బీడీ కాలుస్తా కూర్చున్నట్టు."

కే, ఎన్, ఓ, డబ్ల్యూ. నో. తెలుసు అని.
ఇక్కడ ఆగిపోయింది.
"లేదు అన్నా నో అంటిరే మొన్న."
అది వేరే నో.
"చెవికి ఒకటేగా సారూ.
మేస్త్రీ అడుగుతాడు, నీకేమన్నా తెలుసా అని.
నో అంటాను. ఎట్టా తీసుకుంటాడు?"

జవాబు తోచక వెనకటి కాలంలోకి పారిపోయాను.
ఒకప్పుడు వాళ్ళూ పలికేవాళ్ళు సైదమ్మా,
కే నీ ఎన్ నీ కలిపి, ఇందాక నువ్వన్నట్టే.
నాలుక బద్ధకించింది, రాత మారలేదు.
"ఎన్నాళ్ళయింది?"
మూణ్ణాలుగు వందల ఏళ్ళు.
"పిలవకపోయినా పనికొస్తానే ఉందన్నమాట, పాపం."

మన తెలుగులో ఈ గొడవ లేదన్నాను.
రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం.
గర్వంగానే అన్నాను,
చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ.

సైదమ్మ కొంగు ముడి విప్పింది.
"నాట్" అంది తనలో తనే.
నాలుగు మడతల కాగితం. హాజరు పుస్తకంలో ఒక పేజీ.
మేస్త్రీ జిరాక్సుకు పంపితే రెండు తీయించిందట.
అక్షరాలు కొత్త గానీ అంకెలు ఎప్పుడో వచ్చు తనకి,
డజన్లు లెక్కపెట్టి కట్టలు కట్టిన చెయ్యి.
తన వరస చూపించింది.
రోజుకి నాలుగు వందల ఇరవై.
పక్కనే వేలిముద్ర, జిరాక్సులో నల్లగా అలుక్కుపోయి.
"ఇది రాసింది.
చేతికొచ్చేది రెండు వందల ఎనభై.
నూటనలభై పలకదు సారూ.
ఇది తెలుగేగా?"

కరెంటు పోయింది. పోవడమే మంచిదైంది.

చీకట్లో ఎవరో దగ్గారు, ఆ దగ్గు ఈ ఊరిదే,
రాతిపొడి కలిసింది.
"ఇంకోటి చెప్పండి" అంది సైదమ్మ గొంతు.
డబ్ల్యూ, ఆర్, ఐ, టీ, ఈ. ఇందులో డబ్ల్యూ పలకదు.
రైట్.
"రైట్ అంటే సరైందని కదా?"
ఆ రైట్ వేరు. ఇది రాయడం.
రాయి, అన్నాను.
"ఏ రాయి సారూ? నేను కోసేదా, చేసి చూపమనేదా?"
ఈసారి తనే ముందు నవ్వింది.
రాసిందే పలుకుతామన్న నా మాట
షెడ్డులో ఎక్కడో రేకు కింద చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

వెలుతురు వచ్చేసరికి పలక నిండా కే.
ఒకటే కే, గట్టిగా, బలపం విరిగేదాకా దిద్దింది.
చెప్పులేసుకుంటూ అంటోంది:
"క్నో. క్నో.
దీన్ని పలికిస్తే ఇంక తికమక లేదుగా సారూ?
తెలుసు అన్నది తెలుసు లాగే వినపడుద్ది."

రేపు శనివారం. కూలి డబ్బులిచ్చే రోజు.
నేను దిద్దలేదు.